పెద్ద బండి వెనక సీటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు కార్లు ఉండేవి. ఒకటి మా నాన్నది. జపాన్ వాళ్ళ కారు, బూడిద రంగుది. అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ ముందు తెల్ల గీతల మధ్య బుద్ధిగా నిలబడి ఉండేది. రెండోది మా తాతయ్య మాటల్లో ఉండేది. దానికి తాళమూ లేదు, పార్కింగూ అక్కర్లేదు. అయినా మొదటిదానికన్నా అదే ఎక్కువ చోటు తీసుకునేది. భోజనాల దగ్గర, టీవీ ముందు, ఆఖరికి నాన్న ఉద్యోగం గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆ కారు ప్రస్తావన ఎక్కడి నుంచో వచ్చి పడేది.

ఆ కారు పేరు ఇక్కడ రాయను. అమెరికా వాళ్ళు తమ దేశంలో అన్నిటికన్నా గొప్పదని చాలాకాలం చెప్పుకున్న కారు అంటే చాలు, తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు. తాతయ్య కూడా ఎన్నడూ దాని పేరు పలకలేదు. యజమానిని పేరు పెట్టి పిలవనట్టే కారునీ పిలిచేవాడు కాదు. "పెద్ద బండి" అనేవాడు. మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

మా తాతయ్య, అంటే మా అమ్మ వాళ్ళ నాన్న, వయసులో ఉన్నప్పుడు గూడూరులో ఒక అభ్రకం గనుల యజమాని దగ్గర డ్రైవరు. అభ్రకం ఓడలెక్కి విదేశాలకు పోతున్న మంచి కాలం అది. ఆ యజమాని అమెరికా నుంచి మద్రాసు రేవుకి ఆ కారు తెప్పించుకున్నాడు. వెనకవైపు రెండు రెక్కలు, ముందు తళతళలాడే ఇనప కమ్మీలు, లోపల సోఫాల్లాంటి సీట్లు. బజారులో మలుపు తిరిగితే ముందు భాగం వచ్చిన కాసేపటికి గానీ వెనక భాగం వచ్చేది కాదట. పోలీసులు సెల్యూట్ కొట్టేవాళ్ళట, లోపల ఎవరున్నారో చూడకుండానే. ఆ సెల్యూట్లలో సగం తనకే చెందాయని తాతయ్య లెక్క.

అమ్మమ్మతో పెళ్ళి కుదిరినప్పుడు ఆ యజమాని మాటిచ్చాడు, పెళ్ళికూతుర్ని అత్తవారింటికి పెద్ద బండిలోనే తీసుకుపొమ్మని. తాతయ్య ముందురోజంతా కారు కడిగి, తుడిచి, మామిడాకులు కట్టి పెట్టుకున్నాడు. తెల్లవారేసరికి యజమాని గారింటికి మద్రాసు నుంచి ఎవరో పెద్దమనుషులు దిగారు. కారు వాళ్ళతో గనులు చూపించడానికి పోయింది. మా అమ్మమ్మ బాసికం కట్టిన నుదుటితో ఎర్ర బస్సులో, ఎవరిదో కోళ్ళగంప పక్కన కూర్చుని కాపురానికి వచ్చింది.

దీనికి అమ్మమ్మ ఏనాడూ బాధపడలేదు. కోళ్ళు తన పట్టుచీర అంచు పొడిచిన సంగతి చెప్పి నవ్వేది. బాధంతా తాతయ్యదే. డ్రైవర్ల పెళ్ళాలు ఆ వెనక సీట్లో కూర్చునే రోజులు కావవి. ఆ మాటకొస్తే తాతయ్యే ఎన్నడూ అందులో కూర్చోలేదు, తుడవడమే. తరవాత గనులు దెబ్బతిన్నాయి, కారుకి విడిభాగాలు దొరకడం మానేశాయి, పెద్ద బండిని ఇటుకల మీద ఎక్కించి షెడ్డులో పెట్టారు. కోళ్ళు ఆ సీట్ల మీద పొదిగాయని చెబుతుంటే తాతయ్య గొంతు మారిపోయేది. చివరికి ఎవరో సినిమా షూటింగుల కోసం కొనుక్కుపోయారు. తాతయ్య లారీలు నడిపి మా అమ్మని చదివించాడు. కానీ అమ్మమ్మకిచ్చిన మాట అలాగే ఉండిపోయింది. ఒక్కసారైనా నిన్ను ఆ వెనక సీట్లో కూర్చోబెడతా, అని. ఆవిడ అడిగిందేమీ లేదు, ఆయన మాత్రం ఇస్తూనే ఉన్నాడు.

న్యూయార్కులో టవర్లు కూలిన మరుసటి ఏడు వాళ్ళిద్దరూ మా దగ్గరికి వచ్చారు. నాకు పదకొండేళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు టపటపా రాలిపోతున్న రోజులు. నాన్న ప్రాజెక్టు అయిపోయి, ఇంకోటి దొరక్క, వాళ్ళ భాషలో చెప్పాలంటే బెంచి మీద ఉన్నాడు. వీసా గురించి ఇంట్లో అందరూ గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. తాతయ్యకి ఇవేవీ పట్టలేదు. న్యూవార్క్ విమానాశ్రయంలో బయటికి అడుగు పెడుతూనే ఆయన వేసిన మొదటి ప్రశ్న, "పెద్ద బండ్లు యాడ నిలబెడతారు?"

ఆయన ఊహలో అమెరికా అంటే రోడ్ల నిండా పెద్ద బండ్లు బారులు తీరి పోతుంటాయి. తీరా చూస్తే మా వీధిలో, దుకాణాల ముందు, దేవాలయం పార్కింగులో అన్నీ నాన్న కారు లాంటివే. తెలుగువాళ్ళం మరీనూ. ఒకరు ఏ కారు కొంటే పదిమందీ అదే కొని, గుడికి తీసుకెళ్ళి, నిమ్మకాయలు తొక్కించి, కొన్నరోజు నుంచే దాన్ని తిరిగి అమ్మితే ఎంతొస్తుందో మాట్లాడుకునేవాళ్ళు. పెద్ద బండి ఎప్పుడో గానీ కనిపించేది కాదు. కనిపించినా టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన స్టీరింగు పట్టుకుని నత్తనడక నడిపిస్తుండేవాడు. వెనకవాళ్ళు హారన్ కొడుతుండేవాళ్ళు.

నాన్న ఒకరోజు ఓపిగ్గా వివరించాడు. పెట్రోలు కరువొచ్చినప్పుడు అంత పెద్ద కారుని మేపడం జనానికి భారమైందని, అప్పుడా కంపెనీ హడావుడిగా ఒక మామూలు చిన్న కారుకి తమ గొప్ప బిళ్ళ తగిలించి గొప్ప ధరకి అమ్మిందని, అది కొన్నవాళ్ళకి ఒళ్ళు మండిందని, ఆ కోపం ఇంకా పోలేదని. "ఇప్పుడు అది రిటైర్ అయినవాళ్ళ కారు మావయ్యా. లేదా ఎయిర్‌పోర్టు ట్యాక్సీ. దానికి రీసేల్ ఉండదు" అన్నాడు. తాతయ్య మూడు రోజులు నాన్నతో మాట్లాడలేదు. అదే కంపెనీ కుర్రకారు కోసం కొత్తగా చేసిన ఎత్తుబండిని టీవీలో చూపించి ఆయన్ని మంచి చేసుకోవాలనుకున్నాను నేను. మెడలో గొలుసులు వేసుకున్న పాటగాళ్ళు దాంట్లోంచి దిగుతున్నారు. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "ఇదేం బండి? ఇనప బీరువాకి చక్రాలు తగిలించినట్టుండాది" అని లేచిపోయాడు.

ఆ చలికాలం మొదట్లో అమ్మమ్మకి అన్నం సయించడం మానేసింది. గ్యాస్ అనుకున్నాం, వాతావరణం పడలేదనుకున్నాం. పరీక్షలు చేస్తే కడుపులో గడ్డ, అప్పటికే పక్కలకి పాకింది. విమానం ఎక్కించడానికి వీల్లేదన్నారు. పెద్దవాళ్ళు వంటింట్లో గుసగుసలాడుకునేవాళ్ళు, నేను తలుపు పక్కన నిలబడి వినేదాన్ని. తాతయ్యకి ఎంత చెప్పారో, ఆయన ఎంత అర్థం చేసుకున్నాడో తెలియదు. కానీ ఒక సాయంత్రం నాన్న దగ్గరికి వచ్చి, చేతులు కట్టుకుని, యజమాని ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"అల్లుడూ, ఒక్కసారి ఆమెని ఆ బండి ఎక్కించాల. ఓపికుండంగానే."

నాన్న తల దించుకుని చూద్దాం మావయ్యా అన్నాడు. ఉద్యోగం లేని మనిషి ఇంకేమంటాడు?

అలా ఉండగా ఒక ఉదయం అమ్మమ్మని పెద్ద డాక్టరుకి చూపించడానికి బయలుదేరాం. అమ్మ ఆఫీసుకి పోయింది. నాన్న నడుపుతున్నాడు, తాతయ్య ముందు సీట్లో, అమ్మమ్మా నేనూ వెనక. ఒక కూడలిలో అన్ని కార్లూ ఆగిపోయాయి. సిగ్నల్ పచ్చగానే ఉంది, అయినా ఎవరూ కదలడం లేదు. అడ్డంగా ఒక పెద్ద బండి వస్తోంది. మేము అప్పటిదాకా చూసిన వాటికన్నా పొడవు, నల్లగా, అద్దంలా మెరుస్తూ. అద్దాల వెనక తెల్లపూలు. దాని వెంట కార్లు బారుగా, పట్టపగలు లైట్లు వేసుకుని, నెమ్మదిగా.

తాతయ్య సీట్లో ముందుకి జరిగాడు. "పెళ్ళి! మేయ్, చూడు, పెళ్ళి! చూసినావా, ఈ పొద్దుటికీ పెళ్ళికూతుర్ని దాంట్లోనే తీసకబోతుండారు. రోడ్డంతా ఆపేసినారు చూడు!" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం నేను అంతకుముందు వినలేదు.

అదేమిటో నాకు తెలుసు. అలాంటి వరస ఎదురొస్తే మా స్కూల్ బస్సు డ్రైవరు బస్సుని పక్కకి ఆపి టోపీ తీసేవాడు. మేమంతా మాట్లాడకుండా కూర్చునేవాళ్ళం. తాతయ్యకి తెలిసే దారి లేదు. డప్పులు లేవు, ఏడుపులు లేవు, భుజాల మీద పాడె లేదు. పూలున్నాయి, దీపాలున్నాయి, బండి పెద్ద బండి. ఆయన పెళ్ళి అనుకోక ఏమనుకుంటాడు? చెప్పేద్దామని నోరు తెరిచాను. నాకు అప్పట్లో తెలిసిందేదైనా వెంటనే చెప్పేయకపోతే కడుపు ఉబ్బేది.

అమ్మమ్మ చెయ్యి వచ్చి నా మణికట్టు మీద పడింది. గట్టిగా పట్టుకుంది. అంత నీరసంగా ఉన్న మనిషికి ఆ బలం ఎక్కడిదో. నాన్న కూడా "మావయ్యా, అది..." అని మొదలుపెట్టి, అద్దంలో ఆవిడ కళ్ళు చూసి, ఆ మాట మింగేసి గేరు మార్చాడు.

"బాగుండాది. పూలు బాగా కట్టినారు" అంది అమ్మమ్మ.

ఆ మధ్యాహ్నం ఆవిడ మంచం మీద పడుకుని ఉంటే పక్కన చేరి అడిగాను, నీకు తెలుసా అది ఏమిటో అని. తెలుసంది. మా బాల్కనీకి ఎదురుగా ఒక చర్చి ఉండేది. తాతయ్య కునుకు తీసే వేళల్లో ఆవిడ అక్కడ కుర్చీ వేసుకుని ఎండకి కూర్చునేది. ఆ బండి రావడం, నల్లబట్టల వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ దిగడం, శవపెట్టె మోసుకురావడం అన్నీ చూసింది. ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంది. ఆయనతో అనలేదు.

నాకు కోపం వచ్చింది. మా టీచర్ ఎప్పుడూ నిజమే చెప్పమని చెబుతుందని, ఇది ఫెయిర్ కాదని, తాతయ్యని అందరూ ఫూల్ చేస్తున్నారని నా వచ్చీరాని తెలుగులో గొడవ పెట్టుకున్నాను. అమ్మమ్మ చాలాసేపు నా జడ అల్లుతూ ఉండిపోయింది. తరవాత అన్న మాటలు ఇప్పటికీ ఆవిడ యాసతోనే వినిపిస్తాయి.

"అబద్ధం చెప్పమని నేను అన్నానా? చెప్పబాక. ఆ మనిషి పెళ్ళినాటి సంగతి ఇప్పటిదాకా గుండెలో పెట్టుకోనుండాడు. ఇంత దూరం వచ్చి, నేను ఇట్టా పడుంటే, ఆ బండి ఇప్పుడు దేనికి వాడతారో కూడా ఆయనకి తెలియాల్నా? నిజం అంటే ఒకటే ఉంటదా అమ్మణ్ణీ? యెతుక్కుంటే దెబ్బ తగలనిది ఒకటి యాడో ఒక మూల ఉంటది. అది చెప్పు."

అలాంటిది దొరకకపోతే ఏం చేయాలని అడిగాను. దొరికిందాకా నోరు మూసుకో అని జడ చివర గట్టిగా లాగి ముడివేసింది.

మంచు పడే రోజుల్లో అమ్మమ్మ ఆసుపత్రిలో చేరింది. వారం తరవాత ఇక చేసేదేమీ లేదని, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా ఉంచుకోమని చెప్పారు. ఆ రోజు నాన్న మమ్మల్ని ఆసుపత్రిలో దింపి, ఇంట్లో మంచం, మందులు సిద్ధం చేయడానికి అమ్మని తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చి తీసుకెళ్తానన్నాడు. నర్సు చెప్పేవి అర్థం చేసుకోవడానికి నేనూ, పక్కన కూర్చోవడానికి తాతయ్యా మిగిలాం. అమ్మ తన సెల్‌ఫోన్ నా చేతికిచ్చింది. మధ్యాహ్నం అది మోగింది.

"కార్ స్టార్ట్ అవ్వట్లేదమ్మా. బ్యాటరీ అనుకుంటా. వేరే కార్ ఒకటి బుక్ చేశా, గేటు దగ్గరికి వస్తుంది. జాగ్రత్తగా ఎక్కించండి" అన్నాడు నాన్న. ఎందుకో మరీ వేగంగా చెప్పాడు.

ఈ సంగతి చెప్పగానే తాతయ్య ముఖం వెలిగిపోయింది. అంత కష్టంలోనూ వెలిగిపోయింది. "జపాన్ బండి మొరాయించిందా! చెప్పలా నేను? చలికి ఆగదది, రేకు డబ్బా!" అని నర్సుకి కూడా తెలుగులోనే చెప్పాడు. ఆవిడ తల ఊపింది.

చక్రాల కుర్చీలో అమ్మమ్మని కిందికి తెచ్చేసరికి వాకిట్లో నిలబడి ఉంది పెద్ద బండి. రెక్కలు లేవు, వెండి కమ్మీల ఆర్భాటం లేదు. ఎయిర్‌పోర్టుకి మనుషుల్ని చేరవేసే నల్ల కారు. అయినా అదే బిళ్ళ, అదే పొడవు. తాతయ్య నిలబడిపోయాడు. మంకీ క్యాప్ తీసి స్వెటర్ జేబులో కుక్కుకున్నాడు. అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

నెరిసిన గడ్డం ఉన్న నల్లజాతి పెద్దాయన డ్రైవరు. దిగి వచ్చి వెనక తలుపు తీయబోయాడు. తాతయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. తనే తలుపు తీశాడు. అమ్మమ్మ తల పైకప్పుకి తగలకుండా అరచెయ్యి ఆ అంచుకి ఆనించి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పెట్టే పద్ధతి చూసి డ్రైవరు ఏదో అర్థమైనట్టు ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. అమ్మమ్మని కూర్చోబెట్టి, శాలువా సర్ది, తలుపు చప్పుడు కాకుండా వేసి, తాతయ్య తిన్నగా ముందు సీటు వైపు నడిచాడు.

అమ్మమ్మ అద్దం మీద గాజులతో కొట్టింది. "ఏమయ్యా, ఆడికెందుకు పోతుండావు? ఇటు రా."

"నేను ఎన్నడూ యెనక కూర్చోలేదు మే" అన్నాడు తాతయ్య, చిన్నపిల్లాడిలా.

"నేను కూర్చున్నానా? రా."

ఆయన వచ్చి ఆవిడ పక్కన ఒదిగి కూర్చున్నాడు, సీటు మాసిపోతుందేమోనన్నంత భయంగా. నేను ఆవిడకి రెండోపక్క. కారు కదిలింది. ఎంతో మెత్తగా కదిలింది. అమ్మమ్మ ఒకసారి చేత్తో సీటు తడిమి, "ఇందుకా ఇన్నేళ్ళు గోల పెట్టినావు?" అంది. నవ్వుతోంది.

తాతయ్య నన్ను పొడిచాడు, తనూ ఈ బండి నడిపినవాడేనని ఆ పెద్దాయనకి చెప్పమని. చెప్పాను. ఆయన అద్దంలోంచి తాతయ్యని చూసి తల వంచాడు. తన కథ మొదలుపెట్టాడు. వాళ్ళ నాన్న కాలంలో నల్లవాళ్ళు డబ్బు పట్టుకుని వెళ్ళినా ఈ కారు అమ్మేవాళ్ళు కాదట. వాళ్ళ నాన్న ముసలితనంలో ఒకటి కొనుక్కుని, ఆదివారం చర్చికి తప్ప బయటికి తీసేవాడు కాదట. ఇవన్నీ నేను తెలుగు చేసి చెబుతుంటే తాతయ్య ప్రతి మాటకీ అవునవునన్నాడు. తన కథే ఎవరో చెబుతున్నట్టు విన్నాడు.

తరవాత ఆ పెద్దాయన నిట్టూర్చి ఇంకో మాట అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, మాలో ఏముందో ఆయనకేం తెలుసు? ఇప్పుడు ఈ కారు ఎవరికీ అక్కర్లేదని, ఎయిర్‌పోర్టు వాళ్ళూ చావింటి వాళ్ళూ తప్ప పిలిచేవాళ్ళు లేరని, తను కూడా శని, ఆదివారాలు శవాల బండి నడుపుతానని, ఈ దేశంలో ఎవరైనా సరే ఆఖరి ప్రయాణం ఇందులోనే చేస్తారని.

"ఏమంటుండాడు పాపా?" అన్నాడు తాతయ్య.

అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ ఆ గొంతు మారడం విని ఉంటుంది. నా వైపు తిరిగింది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు, ఊరికే చూసింది. నేను బయటికి చూశాను, మంచు కుప్పల్ని చూశాను. ఎంతసేపు వెతికానో తెలియదు. తాతయ్య రెండోసారి అడిగాడు.

"ఈ దేశంలో ఎవరినైనా ఎంతో మర్యాదగా తీసుకెళ్ళాలంటే ఇప్పటికీ ఈ బండే తెస్తారట తాతయ్యా" అన్నాను.

తాతయ్య వెనక్కి వాలాడు. ఆ సీట్లో అప్పుడు పూర్తిగా కూర్చున్నాడు. "చూసినావా" అన్నాడు అమ్మమ్మతో. చూశానంది ఆవిడ, నా వైపు నుంచి చూపు తిప్పకుండానే. ఇంకాస్త తిప్పమని తాతయ్య నా చేత అడిగించాడు. ఆ పెద్దాయన రారిటన్ నది పక్క రోడ్డులోకి తిప్పాడు. గడ్డకట్టిన నది మీద ఎండ పడుతోంది. అమ్మమ్మ తాతయ్య భుజం మీద తల పెట్టుకుంది. మా వాళ్ళలో అందరిముందూ అలా చేయరు. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

ఇంటి దగ్గరి ఇండియన్ దుకాణం పార్కింగులో, చివరి వరసలో, నాన్న బూడిద రంగు కారు నిక్షేపంగా నిలబడి ఉంది. అద్దం మీద మంచు కూడా శుభ్రంగా గీకి ఉంది. నేను చూశాను, అమ్మమ్మ కూడా చూసింది. తాతయ్య మాత్రం రెండోవైపున్నాడు. గుమ్మంలో ఎదురొచ్చిన నాన్నని అమ్మమ్మ అడిగింది, "బండి బాగయిందా నాయనా?" అని. "రేపటికి బాగవుతుంది అత్తయ్యా" అన్నాడు నాన్న, నేలకేసి చూస్తూ. ఉద్యోగం లేని ఆ రోజుల్లో ఆయన ఆ కారు ఎలా పిలిపించాడో నేను ఎప్పుడూ అడగలేదు. తన కారు రేకు డబ్బా అనిపించుకుని ఆ తరవాత కూడా ఏళ్ళ తరబడి ఆ మాట పడ్డాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు.

మంచు కరుగుతున్న రోజుల్లో అమ్మమ్మ పోయింది. ఇంట్లోనే, మా అమ్మ చెయ్యి పట్టుకుని.

దహనానికి తీసుకెళ్ళే రోజు నాన్న ముందే శవాల బండి పంపేవాళ్ళకి ఫోన్ చేసి, ఆ కారు కాకుండా ఇంకేదైనా పంపగలరా అని బతిమాలడం విన్నాను. తమ దగ్గర ఉన్నవన్నీ అవేనన్నారట. అందుకని నాన్న తాతయ్యని ముందుగా మా కారులో కూర్చోబెట్టి, కారు ముఖం గోడ వైపు పెట్టాడు. కానీ తలుపులు తెరుచుకున్న చప్పుడుకి తాతయ్య వెనక్కి తిరగనే తిరిగాడు. పొడవాటి నల్ల బండి. తెల్లపూలు. అందులోకి అమ్మమ్మని ఎక్కిస్తున్నారు.

ఆయన ఏడవలేదు. మేము ఆ బండి వెనక బయలుదేరాం. నాన్న లైట్లు వేశాడు. మా వెనక వచ్చే అందరూ వేశారు. కూడళ్ళ దగ్గర కార్లు ఆగి దారిస్తున్నాయి. ఒకచోట ఎవరో ముసలాయన కాలిబాట మీద నిలబడి టోపీ తీశాడు. తాతయ్య అన్నీ చూస్తున్నాడు. నేను వెనక సీట్లోంచి ఆయన్ని చూస్తున్నాను.

"పాపా" అన్నాడు, ముందుకి చూస్తూనే. "ఆ పొద్దు ఆ డ్రైవరు చెప్పింది ఇదేనా?"

అవునన్నాను.

నాన్న చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. తరవాత తాతయ్య నా వైపు తిరిగాడు. అంత పెద్దమనిషి ముఖం అంత భయంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

"మీ అమ్మమ్మకి తెలుసా?"

ఆయనకి కావలసింది అదొక్కటే. తెలియదని చెబితే, తెలియని మనిషిని చావుబండి ఎక్కించి సంతోషపడ్డానని కుమిలిపోతాడు. తెలుసని చెబితే, తెలిసీ ఆవిడ ఆ గంటసేపు ఎలా కూర్చుందోనని కుమిలిపోతాడు. పదకొండేళ్ళ పిల్లని, వెతకడానికి నా దగ్గర ఉన్న తెలుగు మాటలే తక్కువ. అవి కూడా సగం ఇంగ్లీషు. ఉన్నవాటిలోనే వెతికాను.

"తెలుసు తాతయ్యా" అన్నాను. "తెలిసే ఎక్కింది."

తాతయ్య ముందుకి తిరిగి, అప్పుడు ఏడ్చాడు. నాన్న ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి ఆయన మోకాలి మీద వేశాడు. దహనశాల వచ్చేదాకా ఆ చెయ్యి తీయలేదు.

తరవాత తాతయ్య మా పిన్ని వాళ్ళతో ఉండడానికి నెల్లూరు వెళ్ళిపోయాడు. కొన్నేళ్ళకి ఆ కారు కంపెనీ దివాలా అంచుకి వచ్చి ప్రభుత్వం ముందు చెయ్యి చాచింది. ఆ వార్త టీవీలో చూసి ఆయన నాన్నకి ఫోన్ చేసి, చాలా దిగులుగా, దగ్గరి చుట్టం గురించి అడిగినట్టు అడిగాడు. అది కోలుకుంది. ఇప్పుడు కుర్రవాళ్ళు కొంటున్నారు, పదునైన అంచులతో కొత్తకొత్త రూపాల్లో వస్తోంది. పేరు పోవడం, మళ్ళీ రావడం కార్లకి చెల్లుతుంది. అది చూడడానికి తాతయ్య లేడు.

నాకూ ఇప్పుడు చెవుల దగ్గర జుట్టు నెరుస్తోంది. కష్టమైన ప్రశ్నలు వేసేవాళ్ళు నా చుట్టూ పెరిగారు. మా ఇంట్లో పిల్లలు, జబ్బుపడ్డ స్నేహితులు, ఈమధ్య మా అమ్మ కూడా. నోరు తెరిచే ముందు ఆగి వెతుకుతాను. చాలాసార్లు దొరకదు, అప్పుడు అమ్మమ్మ చెప్పినట్టు నోరు మూసుకుంటాను. దహనశాలకి వెళ్తూ కారులో దొరికిన మాట నా తెలివి వల్ల దొరికిందని చాలాకాలం గర్వపడ్డాను. కాదు. నాకు చెప్పడానికి ఒక మంచి నిజం మిగల్చాలని అనుకుని ఉండదు గానీ, అమ్మమ్మ ఆ మధ్యాహ్నం అన్నీ తెలిసి, నవ్వుతూ, ఆయన్ని పక్కకి పిలిచి కూర్చోబెట్టుకుంది. నేను చెప్పగలిగింది అదంతా ఆవిడ చేసి పెట్టబట్టే.